నేలమాళిగ గుడిలో నిలబడ్డ మనిషి

“వారం కాదు, ఏడాది ఉపవాసం చెయ్యమను. అన్న కాస్తా మొగుడైపోతాడా?”

ఫిలొమేనా ఈ మాట కూతురితో అనలేదు, పొయ్యి మీది గిన్నెతో అంది. పోయిన ఆదివారం నుంచీ ఆమె కూతురితో నేరుగా మాట్లాడటం మానేసింది. చెప్పాల్సిందంతా గిన్నెతోనో, గోడ మీది మరియమ్మ పటంతోనో, కిటికీలోని సబ్జా మొక్కతోనో చెబుతోంది.

ఎల్వీరా బల్ల దగ్గర కూర్చుని కోటుకు గుండీ కుడుతోంది. పళ్లెంలో రొట్టె ముక్క, వంకాయ వేపుడు పెట్టింది పెట్టినట్టే ఉన్నాయి.

“ఉపవాసం కాదమ్మా. మింగుడు పడట్లేదు.”

“విన్నావా తల్లీ,” అంది ఫిలొమేనా పటం వైపు తిరిగి. “మింగుడు పడట్లేదట. మింగాల్సింది ఆదివారం కదా, అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు! అప్పుడు మాత్రం ఆ మాట గడగడా బయటికొచ్చింది.”

“రోక్కోని చేసుకుంటానన్నాను. ఎవర్నీ చంపుతాననలేదు.”

ఫిలొమేనా గరిటె కింద పెట్టింది. ఆరు రోజుల తర్వాత మొదటిసారి కూతురి మొహంలోకి చూసింది.

“అంతకంటే తక్కువేం కాదే అది. అస్సుంతా నీకు జ్ఞానతల్లి. దేవుడి ముందు నిన్ను చేతుల్లోకి తీసుకుంది. నీ నెత్తిన నీళ్లు పడ్డ క్షణంలో నాకు కొమారె అయింది. కొమారె అంటే తోడబుట్టినదానికంటే ఎక్కువ. దాన్ని నువ్వు పుట్టిన దగ్గర్నుంచి పిన్నీ అని పిలుస్తున్నావు. పిన్ని కొడుకు ఏమవుతాడు? మన ఊరు రోక్కాస్పినాలో రాళ్లని అడిగినా చెబుతాయి.”

“ఫాదర్ గాస్పరే గారు అడ్డం లేదన్నారు. నాన్న స్వయంగా వెళ్లి అడిగొచ్చారు.”

“ఆయనకేం తెలుసు? మిలాన్ మనిషి, ఉత్తరాది వాడు. వెన్నతో కూరలు వండుకునే జనం వాళ్లు. వాళ్లకి వరసలేమిటి, వావులేమిటి? జ్ఞానస్నానాలిచ్చిన పునీత యోహాను పేరు మీద కట్టిన బంధాన్ని తెంపుకున్నవాళ్లు మా ఊళ్లో బాగుపడలేదు. మా మేనత్త ఇంటి పక్కనే ఒక పిల్ల ఇలాగే జ్ఞానతల్లి కొడుకుని చేసుకుంది. ఏడాది తిరక్కుండా కొండచరియ విరిగి ఇంటి మీద పడింది.”

“ఆ కొండచరియ కింద ఇంకా పదకొండు ఇళ్లు పోయాయట. నాన్న చెప్పారు. వాళ్లంతా ఎవర్ని చేసుకున్నారమ్మా?”

ఫిలొమేనా సింకు వైపు తిరిగింది. అక్కడ ఆమె భర్త డొనాతో ఒక చెంపకు నురగ పెట్టుకుని, అద్దంలోకి చూస్తూ, ఈ ఇంట్లో తనెవరో తనకే తెలియనట్టు గడ్డం గీసుకుంటున్నాడు.

“నీ కూతురి తెలివితేటలు విన్నావా? ఏదో ఒకటి అనవయ్యా. ఆదివారం నుంచి నీ నోటికి తాళం వేశావు. అవునను, కాదను.”

డొనాతో కత్తిని నీళ్లలో ముంచాడు. తుడిచాడు. మళ్లీ ముంచాడు.

“టమాటాలు మెత్తబడుతున్నాయి,” అన్నాడు.

అది నిజమే. తలుపు పక్కన ఎనిమిది పెట్టెలు నిలువుగా పేర్చి ఉన్నాయి. గురువారం మార్కెట్ నుంచి వచ్చాయి. ఇవాళ శనివారం. కింది పెట్టెలోంచి అప్పటికే ఎర్రటి రసం సన్నగా నేల మీదికి ధార కట్టింది. ఇంకొక్క రోజు ఆగితే శీతాకాలమంతా ఈ ఇంట్లో పులుసు ఉండదు.

కానీ గుజ్జు తీసే మిషను ఫిలొమేనాది, కాచే పెద్ద రాగి కాగు అస్సుంతాది. పెరడు కూడా అస్సుంతా ఉండే కింది వాటా వెనకాలే ఉంది. ఇరవై సెప్టెంబర్లుగా ఆ రెండిళ్ల టమాటాలు ఒకే కాగులో ఉడికాయి. కాగు లేని మిషను దేనికీ పనికి రాదు, మిషను లేని కాగూ అంతే. ఆదివారం నుంచి కిందివాళ్లు పైకి రాలేదు. పైవాళ్లు కిందికి దిగలేదు.

తలుపు మీద రెండు దెబ్బలు వినపడ్డాయి. ఆ దెబ్బలెవరివో ముగ్గురికీ తెలుసు.

అస్సుంతా గుమ్మం దగ్గరే నిలబడింది. బక్కపలచని మనిషి. భర్త పోయిన నాటి నుంచి తొడుగుతున్న నల్లబట్టలు, మోచేతుల దాకా మడిచిన చేతులు. ఆమె ఎవరి మొహంలోకీ చూడలేదు.

“కొమారే, నీళ్లు కాగుతున్నాయి.”

ఫిలొమేనా సబ్జా మొక్క ఆకు ఒకటి తుంచింది. వాసన చూసింది. ఆ తర్వాత పై పెట్టె ఎత్తుకుని మెట్లు దిగింది.

*

పెరట్లో పని మొదలైంది. ఎల్వీరా టమాటాలు కడుగుతోంది. అస్సుంతా కోస్తోంది. ఫిలొమేనా మిషను పిడి తిప్పుతోంది. డొనాతో పెట్టెలు మోస్తున్నాడు. వీధి చివర వంతెన మీది రైలు వెళ్లినప్పుడల్లా కడిగి బోర్లించిన సీసాలన్నీ గలగలమంటున్నాయి. అది తప్ప చప్పుడు లేదు.

ఏటా ఈ రోజున ఫిలొమేనా పాడుతుంది, అస్సుంతా అందుకుంటుంది. వాళ్ల పాటలు విని నూట పన్నెండో వీధిలో ఎవరింట్లో టమాటాలు ఉడుకుతున్నాయో అందరికీ తెలిసేది.

మూడో అంతస్తు కిటికీలోంచి తెరెజీనా తల బయటికొచ్చింది. దులపడానికి తెచ్చిన దుప్పటి చేతిలోనే ఉంది.

“ఏమర్రా, పాటల్లేవా ఇవాళ? చావింట్లో కూడా ఇంతకంటే సందడిగా ఉంటుంది!”

ఎవరూ తలెత్తలేదు.

“నాకొక్కటి చెప్పండమ్మా. మీరిద్దరూ ఇంకా కొమారెలేనా, వియ్యపురాళ్లయ్యారా? రేపు గుడిలో కనబడితే ఏమని పలకరించాలి? తప్పు పిలిస్తే బాగుండదు కదా!”

“నీ పొయ్యి మీద చారు పొంగుతోంది తెరెజీనా,” అంది ఫిలొమేనా పిడి ఆపకుండా. “వాసన ఇక్కడిదాకా వస్తోంది. వెళ్లి చూసుకో.”

“నేనివాళ చారు పెట్టలేదు!”

“అయితే నీ నోరే పొంగుతోంది. మూత పెట్టుకో.”

కిటికీ దభాలున మూసుకుంది. అలవాటు ప్రకారం ఇద్దరు ఆడవాళ్లూ ఒకరి వైపొకరు చూసుకున్నారు. నవ్వు పెదాల దాకా వచ్చింది. ఫిలొమేనా ముందు చూపు తిప్పేసుకుంది.

అప్పుడు అస్సుంతా కత్తి పక్కన పెట్టింది. చేతులు ముందుగుడ్డకు తుడుచుకుంది.

“డొనాతో, నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?”

పెట్టె మోసుకొస్తున్న డొనాతో ఉన్నచోటే ఆగిపోయాడు. అతని మొహంలో రంగు పోయింది.

“ఇప్పుడా? ఇన్నేళ్లకా?”

“ఏమిటి చెప్పేది?” అంది ఫిలొమేనా.

“నేను నీకు కొమారెను కాను,” అంది అస్సుంతా.

మిషను పిడి ఆగింది.

“ఎల్వీరాకు జ్ఞానతల్లినీ కాను. ఎత్తుకుని నిలబడ్డది నేనే. మాట ఇచ్చింది మాత్రం మద్దలేనా పేరు మీద.”

“ఏ మద్దలేనా?”

“మా అక్క,” అన్నాడు డొనాతో, పెట్టెతో మాట్లాడుతున్నట్టు.

ఎల్వీరా చేతిలో టమాటా తొట్టిలోకి జారింది.

అస్సుంతా చెప్పింది. మామూలుగా నెమ్మదిగా మాట్లాడే మనిషి, ఎక్కడ ఆగిపోతానోనని భయపడ్డట్టు గబగబా చెప్పింది. పంతొమ్మిది వందల పద్దెనిమిదో సంవత్సరం. అక్టోబరు. వీధిలో గుమ్మం గుమ్మానికీ నల్లగుడ్డ కట్టిన ఫ్లూ జ్వరాల రోజులు. ఫిలొమేనా ఒళ్లు తెలియని జ్వరంలో పడి ఉంది. పన్నెండు రోజుల పసిగుడ్డు జ్ఞానస్నానం లేకుండానే పోతుందేమోనని భయం. మన మగవాళ్లు పనుల నుంచి వచ్చి, రాత్రిళ్లు ఇటుకలు మోసి కడుతున్న గుడికి అప్పటికింకా పైకప్పు లేదు. దిక్కు ఐరిష్ వాళ్ల గుడే. పైన వాళ్లు, కింద నేలమాళిగలో మనవాళ్లు. అక్కడికే తీసుకెళ్లారు.

“దారిలో డొనాతో ఏడ్చాడు. మొదటి ఆడపిల్లకి జ్ఞానతల్లివి నువ్వేనని అక్కకి మాటిచ్చాడట, ఓడ ఎక్కేటప్పుడు. నువ్వేమో నేనే ఉండాలని పట్టుబట్టావు. బిడ్డ బతుకుతుందో లేదో తెలీదు, మాట తప్పితే అక్క ఉసురు తగులుతుందన్నాడు. మన ఊళ్లో దూరాన ఉన్నవాళ్ల బదులు ఇంకొకరు నిలబడటం మామూలే కదా. నిలబడ్డాను. నీకు జ్వరం తగ్గాక తనే చెబుతానన్నాడు.”

“తగ్గింది కదా జ్వరం,” అంది ఫిలొమేనా. గొంతు చాలా చిన్నగా ఉంది.

“నీకు తగ్గింది. నెలలోపే మా ఆయనకి వచ్చింది. నలుగురు మనుషులు కూడా దొరకలేదు మొయ్యడానికి. చేతిలో మూడేళ్ల రోక్కో. నువ్వు మంచం మీంచి లేచి, గోడ పట్టుకుని కిందికి దిగొచ్చి, ‘కొమారే, నేనున్నాను’ అన్నావు. ఆ మాట కాదని ఎలా చెప్పను? ఈ ఊళ్లో నాకు చుట్టమంటూ మిగిలింది ఆ ఒక్క మాటే.”

కాగులో గుజ్జు బుడబుడమంటోంది. ఎవరూ కలపడం లేదు.

“అంటే,” అంది ఫిలొమేనా, “ఇరవై ఏళ్లుగా నాకు కొమారె ఎవరు? మద్దలేనాయా? నా పెళ్లి దుప్పట్లకి చిల్లులున్నాయని ఊరంతా తిరిగి చెప్పిన మద్దలేనాయా?”

“ఒక్క దుప్పటికే అంది,” అన్నాడు డొనాతో.

ఫిలొమేనా అతని వైపు చూసిన చూపుకు అతను పెట్టె కింద పెట్టేశాడు.

“ప్రతి యోహాను పండక్కీ నేను కొమారెకి ఇచ్చే పూలగుత్తి పట్టుకుని కిందికి దిగుతుంటే, నువ్వు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నావు. ఒక్కసారైనా నోరు పెగల్లేదా నీకు?”

“దిగేటప్పుడు నవ్వుతూ దిగేదానివి,” అన్నాడు డొనాతో. “ఎలా చెప్పను?”

ఆమె అస్సుంతా వైపు తిరిగింది. ఉన్నట్టుండి కళ్లు చిన్నవయ్యాయి.

“కాదు. నువ్వు అబద్ధమాడుతున్నావు. కొడుకు కోసం. వాడు ఏడుస్తుంటే చూడలేక ఇదంతా అల్లావు. ఇతన్ని కూడా కలుపుకున్నావు. కూతురంటే పడి చచ్చే మనిషి, నువ్వేం చెప్పమంటే అది చెబుతాడు.”

అస్సుంతా, కొట్టిన దెబ్బ కంటే కొట్టిన మనిషిని చూసి నివ్వెరపోయినట్టు నిలబడింది.

“పుస్తకంలో ఉంటుందమ్మా,” అంది ఎల్వీరా. “పాత గుడిలో. జ్ఞానస్నానాల పుస్తకం. జ్ఞానతల్లి పేరు రాస్తారు.”

ఫిలొమేనా మెడలోంచి ముందుగుడ్డ తీయబోయి, మనసు మార్చుకుని అలాగే ఉంచేసింది.

“పద. చూద్దాం.” పొడుగు తెడ్డు తీసి భర్త చేతిలో పెట్టింది. “నువ్విక్కడే ఉండు. అడుగంటిందో, ఈ చలికాలం నీ మకాం మద్దలేనా దగ్గరే.”

*

ముగ్గురు ఆడవాళ్లు, మోచేతుల దాకా ఎరుపుతో, రెండో అవెన్యూ దాటి నడిచారు. ఎల్వీరా మధ్యలో ఉంది. చిన్నప్పుడు ఊరేగింపుల్లో కూడా ఆమె ఇలాగే మధ్యలో నడిచేది, చెరో చెయ్యి చెరొకరి చేతిలో పెట్టి. ఇవాళ చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి.

ఒక్క మాట చాలు, అనుకుంటోంది ఎల్వీరా. పుస్తకంలో మద్దలేనా అని ఒక్క మాట.

గుడి ముందు ఫిలొమేనా కాళ్లు వాటంతటవే పక్కసందులోని చిన్న తలుపు వైపు తిరిగాయి.

“అమ్మా, ఇటు. ముందు తలుపు.”

“మనల్నెప్పుడూ ఇటే పంపేవాళ్లు.”

“ఇప్పుడెవరూ పంపరమ్మా.”

ఆఫీసులో కళ్లద్దాల ఆవిడ వాళ్ల చేతుల వైపు చూసి కంగారుపడింది. ఎల్వీరా ఇంగ్లీషులో నచ్చజెప్పింది. పుట్టిన తేదీ చెప్పింది. ఆవిడ లోపలికి వెళ్లి, తోలు అట్ట ఊడిపోతున్న పుస్తకం తెచ్చి, పేజీలు తిప్పి, వేలు పెట్టి చూపించి, తన పని తను చూసుకుంది.

అక్టోబరు పేజీ కిక్కిరిసి ఉంది. ఆ నెల అందరూ తొందరపడ్డారు. కొన్ని పేర్ల పక్కన, ఆ బిడ్డ పోయిందన్న గుర్తుగా, చిన్న శిలువ గీసి ఉంది. ఎల్వీరా తన పేరు పట్టుకుంది. పక్కన శిలువ లేదు. తండ్రి పేరు. తల్లి పేరు. ఆ పక్కన, జ్ఞానతల్లి గడిలో, ఒకే ఒక్క పేరు.

ఆమె ఆ పేరు రెండుసార్లు చదివింది.

వెనక ఇద్దరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఇద్దరికీ చదువు రాదు. ముగ్గురిలో ఆ పేరు చదవగలిగింది, దాన్ని మార్చి చెప్పగలిగిందీ తనొక్కతే. మద్దలేనా అంటే చాలు. ఎవరు వచ్చి చూస్తారు? రోక్కో సాయంత్రం బ్రూక్లిన్‌లో పని నుంచి, సున్నం పూత అంటిన జుట్టుతో వస్తాడు. అతనికి మంచి మాట చెప్పొచ్చు.

“ఏముందే?” అంది ఫిలొమేనా.

ఎల్వీరా తిరిగింది.

“పిన్ని పేరే ఉందమ్మా. అస్సుంతా అనే ఉంది. మద్దలేనా పేరు ఎక్కడా లేదు.”

అస్సుంతా గోడ పట్టుకుంది.

“నా పేరా? సరిగ్గా చూడమ్మా.”

“చూశాను.”

“అయ్యో. ఆ ఫాదర్‌కి డొనాతో చెప్పింది అర్థమే కాలేదు. ఎవరి చేతుల్లో బిడ్డ ఉంటే వాళ్ల పేరు రాసేశాడు.” ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. “ఇరవై ఏళ్లు నేను ఇంకొకరి చోట్లో దొంగలా కూర్చున్నాననుకున్నాను. ప్రతి యోహాను పండక్కీ నువ్వు పూలు పట్టుకొస్తే, లోపల చచ్చిపోయేదాన్ని. నా పేరే రాసి ఉందా!”

తర్వాత ఆమెకు రెండోది తట్టింది: తన పేరే ఉంటే, పెళ్లికి అడ్డమూ ఉన్నట్టే. మొహం మీది వెలుగు ఆరిపోయింది. ఎల్వీరా చెయ్యి పట్టుకుంది.

“నన్ను క్షమించు తల్లీ.”

ఫిలొమేనా కూతుర్నే చూస్తోంది. అబద్ధం చెప్పడానికి ఎంత చిన్న మాట సరిపోయేదో ఆమెకు తెలుసు. ఆదివారం నుంచి అన్నం ముట్టని పిల్ల, ఆ చిన్న మాట ఆడలేదు. ఇటు చూస్తే, చుట్టమంటూ మిగిలిన ఒక్క పేరునీ పెరట్లో అందరి ముందూ తనంతట తనే వదులుకున్న మనిషి. ఇలాంటి మనిషినా తను అబద్ధాలకోరు అంది?

ఆమె వెళ్లి కుర్చీలో కూర్చుంది. ఎర్రటి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

“అస్సుంతా,” అంది. “ఆ రోజు ఫాదర్ అడిగాడు కదా, సైతానుని వదులుతున్నావా అని. నువ్వు నోటితో ఏమన్నావు?”

“మద్దలేనా తరఫున వదులుతున్నాను అన్నాను.”

“గట్టిగానా?”

“మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అన్నాను. నేలమాళిగలో అందరికీ వినబడింది.”

“ఆవిడ వదల్లేదు,” అంది ఫిలొమేనా. “అది నాకు బాగా తెలుసు.”

ఎల్వీరాకు నవ్వొచ్చింది. వారంలో మొదటిసారి. పెదవి కొరికి ఆపుకుంది.

“రోక్కాస్పినాలో ఎవరికి చదువొచ్చు?” అంది ఫిలొమేనా, తనలో తను లెక్క తేల్చుకుంటున్నట్టు. “మా అమ్మమ్మకొచ్చా? ఆమెకి ఏడుగురు కొమారెలు. ఏ పుస్తకంలోనూ ఒక్కరి పేరూ లేదు. బంధం కట్టేది నోరు. ఈ పుస్తకం వీళ్లది. కింది గదిలో కూర్చోబెట్టి, మనం ఏమంటున్నామో కూడా వినకుండా రాసుకున్న పుస్తకం.”

“అయితే అమ్మా, నోటి లెక్కన నా జ్ఞానతల్లి మద్దలేనాయే కదా…”

“నువ్వు మాట్లాడకు. నేనింకా ఆలోచిస్తున్నాను.”

బయట మెట్ల మీద ఎండ పడుతోంది. మూడు మెట్లు దిగారు. నాలుగో మెట్టు మీద ఫిలొమేనా ఆగింది.

“రేపు కాదు, పై ఆదివారం. భోజనాలయ్యాక మా ఇంటికి రండి. ఉన్నపళంగా, అన్నం మధ్యలో అనడం కాదు. పద్ధతిగా. పిల్లాడి తరఫున ముందు ఒక పెద్దమనిషి వచ్చి అడగాలి. తల్లి అడక్కూడదు, నీకు తెలుసు. వచ్చిన మనిషికి నేను కుర్చీ వేస్తానో, తలుపు వేస్తానో ఇప్పుడే చెప్పను.”

ఎల్వీరా మెట్టు మీదే ఆగిపోయింది. అస్సుంతా మాత్రం సంతోషించినట్టు కనబడలేదు. ఏదో వెతుకుతున్నట్టు వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది.

“ఎవర్ని పంపను?” అంది చివరికి. “వాడి నాన్న తరఫున ఎవరూ లేరు. నా వైపు ఎవరూ సముద్రం దాటలేదు. వాడు మొదటిసారి పలక పట్టినప్పుడు బడికి తీసుకెళ్లింది నువ్వు. వాడికి మొదటి పని ఇప్పించింది డొనాతో. ఈ ఊళ్లో వాడి తరఫున వచ్చి అడగడానికి నువ్వు తప్ప మాకెవరున్నారు?”

“నా ఇంటికొచ్చి, నా కూతుర్ని, నన్నే నేను అడగాలా?”

అస్సుంతా నవ్వలేదు. జవాబు కోసం అలాగే చూస్తూ నిలబడింది.